కాలువ గట్టు మీద నలభై రెండు చుక్కలు

యంత్రం అబద్ధం చెప్పదన్నది మా పట్టణంలో చదువుకున్నవారందరూ నమ్మే మాట. మనిషి చెబుతాడు. అవసరముంటే చెబుతాడు, అలవాటుంటే అవసరం లేకపోయినా చెబుతాడు. యంత్రానికి అవసరమూ లేదు, అలవాటూ లేదు. కనుక అది చెప్పదు. ఈ వాదంలో పైకి కనిపించే లోపమేదీ లేదు. అయినా ఏ నమ్మకాన్నయినా ఒకసారి పరీక్షించి చూడటం మంచిది. మా ఉషోదయ సైకిల్ సంఘం ఈ నమ్మకాన్ని పది నెలలపాటు, తనకు తెలియకుండానే, ఎంతో క్రమశిక్షణతో పరీక్షించింది. సంఘం మినిట్సు పుస్తకం రాసే పని నాది కావడంవల్ల ఆ పరీక్ష వివరాలు తేదీలతో సహా నా దగ్గర ఉన్నాయి.

సంఘంలో సభ్యులు నలభై ముగ్గురు. సగటు వయస్సు అరవై ఒకటి. ప్రతి ఆదివారం తెల్లవారగానే గడియారస్తంభం దగ్గర కలుసుకుని, కాలువ గట్టు మీదుగా లాకుల దాకా సైకిళ్ళు తొక్కి, అక్కడి హోటల్లో పెసరట్టు తిని తిరిగి రావడం మా కార్యక్రమం. పోను నాలుగు కిలోమీటర్లు, రాను నాలుగు. 'రానున్న కార్యక్రమాలు' అనే శీర్షిక కింద నోటీసు బోర్డు మీద నేను రెండేళ్ళపాటు ఒకే వాక్యం ఉంచాను: 'వచ్చే ఆదివారం లాకులు.' ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అధ్యక్షులు వెలిచేటి త్రివిక్రమరావుగారు సహకార శాఖలో డిప్యూటీ రిజిస్ట్రారుగా పనిచేసి విరమించారు. ఉద్యోగం వారిని విడిచింది గాని, ఉద్యోగపు భాషను వారు విడువలేదు. మంచినీళ్ళు కావలసివస్తే, "దాహము దృష్ట్యా తగు చర్య తీసుకొనవలసినది" అంటారు. కార్యదర్శి మల్లిపూడి కిరీటి సంఘంలో అందరికన్నా చిన్నవాడు. నలభై ఎనిమిదేళ్ళు. ఒక బీమా కార్యాలయంలో అభివృద్ధి అధికారి. లోకంలో ప్రతి సమస్యకూ ఒక యాప్ ఉంటుందనీ, యాప్ లేనిదాన్ని సమస్యగా లెక్కించనక్కరలేదనీ అతని సిద్ధాంతం.

గొడవ ఒక ఆదివారం పెసరట్ల దగ్గర మొదలైంది.

"నిన్న శనివారమునాడు నేనొక్కడనే నలుబది కిలోమీటర్లు తొక్కితిని," అన్నారు అధ్యక్షులు.

వర్ధనమ్మ టీచరు తలెత్తారు. ఆమె బాలికల ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పారు. "శనివారం పొద్దున మీరు రైతుబజారులో వంకాయలు ఏరుతున్నారు కదండీ. పుచ్చులున్నాయని ఆ అమ్మాయితో పోట్లాడుతున్నారు కూడాను."

"వంకాయలు ఏరుటయు, సైకిలు తొక్కుటయు పరస్పర విరుద్ధములు కావు."

"ఒకే సమయంలో అయితే అవుతాయండి."

ఇలాంటి వివాదాలకు శాశ్వత పరిష్కారంగా కిరీటి 'చక్రం' అనే యాప్‌ను ప్రవేశపెట్టాడు. దాన్ని ఫోనులో పెట్టుకుని ఫోనును జేబులో వేసుకుంటే, తొక్కిన దూరాన్ని అదే కొలుస్తుంది. దారిని పటం మీద గీస్తుంది. మనిషి ఎక్కడున్నాడో ఒక చుక్కగా చూపిస్తుంది. "మనం చెప్పక్కర్లేదండి. అది చెబుతుంది. దానికి మొహమాటం లేదు," అన్నాడు కిరీటి. ఆ సాయంత్రమే ఏడవ తీర్మానం ఆమోదం పొందింది. దాని పాఠం ఇది: 'చక్రము నందు నమోదు కాని ప్రయాణము ప్రయాణముగా పరిగణింపబడదు. నమోదైన ప్రయాణము ప్రయాణముగా పరిగణింపబడును.' రెండో వాక్యం అనవసరమని నేనన్నాను. అధ్యక్షులు అది సమగ్రత కోసమన్నారు. తరువాతి నెలల్లో మొదటి వాక్యం కన్నా రెండో వాక్యమే ఎక్కువ ఉపయోగపడింది.

సంఘం వార్షికోత్సవానికి పురపాలక సంఘం కమిషనరుగారు ముఖ్య అతిథిగా వచ్చారు. వారికి సైకిళ్ళంటే ఎంతో గౌరవం. కారు దిగగానే ఆ మాటే చెప్పారు. కాలువ గట్టును ఉదయం అయిదు నుంచి ఎనిమిది వరకు 'ప్రత్యేక సైకిల్ మార్గం'గా ప్రకటిస్తున్నామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అయితే క్రమశిక్షణ లేని సైకిళ్ళవల్ల సైకిల్ మార్గానికి ఇబ్బంది కలగకూడదు గనుక, ఆ సమయంలో గుర్తింపు పొందిన సైకిలిస్టులను మాత్రమే అనుమతిస్తామన్నారు. నెలకు మూడు వందల కిలోమీటర్లు చక్రంలో నమోదైనవారు గుర్తింపుకు అర్హులు. గుర్తింపు బిళ్ళలు ఇచ్చే అధికారం మా సంఘానిది. మళ్ళీ చప్పట్లు కొట్టారు.

మరుసటి వారం గట్టు మొదట్లో ఇనుప గేటు వెలిసింది. దాని పక్కన కుర్చీ, కుర్చీలో పెద్దింట్లు అనే కాపలాదారు. మొదటి రోజు అతడు ఆపిన మొదటి సైకిలు రొట్టెల జకరయ్యది.

జకరయ్య బేకరీలో రొట్టెలూ బన్నులూ ఎత్తుకుని, వెనక స్టాండు మీద పెద్ద రేకు డబ్బాలో పెట్టుకుని, గట్టు మీదుగా కేదారిలంక, మరి రెండు ఊళ్ళు తిరిగి అమ్ముతాడు. గేటు దగ్గర ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను.

"బిళ్ళేది?" అన్నాడు పెద్దింట్లు.

"ఏం బిళ్ళ బావా?"

"సైకిలు తొక్కేవోళ్ళ బిళ్ళ. అదుంటేనే పోనిమ్మన్నారు."

"నేను తొక్కేది కనపడట్లేదేంటి నీకు?"

"నాకు కనపడితే ఏం లాభం? ఆళ్ళకి కనపడాలి." పెద్దింట్లు గొంతు తగ్గించాడు. "ఆయ్, నా మీద పడకు బావా. సంఘంలో అడుగు."

జకరయ్య సంఘంలో అడిగాడు. కార్యవర్గ సమావేశం జరుగుతున్న గది గుమ్మంలో నిలబడ్డాడు. వయస్సు యాభై దాటింది, సన్నటి మనిషి. లోపలికి రమ్మన్నాక వచ్చాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏ విషయమై హాజరైతివి?" అన్నారు అధ్యక్షులు.

"గట్టు మీంచి పోనిమ్మని చెప్పండి బాబూ. ఇరవై రెండేళ్ళ నుంచీ తొక్కుతున్నానండి. అయిదింటికి బేకరీలో ఎత్తుకుంటే ఆరింటికల్లా కేదారిలంకలో ఉండాలండి. పిల్లలు బడికెళ్ళే లోపలే బేరం. హైవే మీంచి పోతే పోను తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ, రాను తొమ్మిది ఎక్కువండి. లారీలొకటి. ఎండెక్కాక పోతే రొట్టెవడు కొంటాడండి? ఇడ్లీలు తినేసి ఉంటారు."

"నీవు సైకిలు తొక్కుచున్నావనుటకు ఆధారమేమి?"

జకరయ్య లుంగీ కొంచెం పైకెత్తి పిక్కలు చూపించాడు.

"అమ్మో, రోకలిబండల్లా ఉన్నాయి!" అన్నారు వర్ధనమ్మ టీచరు.

"శరీరభాగములు దస్తావేజులు కావు," అన్నారు అధ్యక్షులు.

"బయట సైకిలుందండి. చూడండి. పెడలు అరిగిపోయి చువ్వ మిగిలింది."

"పెడలు అరుగుటకు అనేక కారణములు ఉండవచ్చును."

కిరీటి కొంచెం దయతో అడిగాడు. "ఫోనుందా అన్నా?"

జకరయ్య చొక్కా జేబులోంచి బొత్తాల ఫోను తీశాడు. దానికి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"దీంట్లో చక్రం పని చెయ్యదు."

"చెయ్యక్కర్లేదండి. నా చక్రాలు పని చేస్తున్నాయి కదండి, రెండూ."

అధ్యక్షులు తీర్పు చెప్పారు. నేను రాసుకున్నాను. 'అర్జీదారు సైకిలు తొక్కుచున్నట్లు రికార్డులో లేదు. రికార్డులో లేనిచో ఏడవ తీర్మానము ప్రకారము తొక్కుట లేదు. తొక్కనివానికి గుర్తింపు ఇచ్చుట నిబంధనలకు విరుద్ధము. అర్జీ తిరస్కరించడమైనది.'

"తొక్కట్లేదంటే... మరి రోజూ నేను చేసేదేంటండి?" అన్నాడు జకరయ్య. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"అది సంఘము పరిధిలోనికి రాదు."

జకరయ్య హైవే మీదుగా తిరగడం మొదలుపెట్టాడు. నలభై రోజులు తిరిగాడు. వెనక్కి తిరిగొచ్చే బన్నులు ఎక్కువవుతున్నాయని, ఇలాగైతే కేదారిలంక మానుకోవలసిందేనని ఒకసారి నాతో అన్నాడు.

ఇంతలో సంఘంలో వేరే ఇబ్బంది వచ్చింది. నెలకు మూడు వందల కిలోమీటర్లంటే రోజుకు పది. అరవై ఒక్క ఏళ్ళ సగటు వయస్సుకు ఆ పది తొలి నెలలో ఉత్సాహం, రెండో నెలలో మోకాలి పట్టీ, మూడో నెలలో వానాకాలం. కాని నీలిరంగు గుర్తింపు బిళ్ళను సభ్యులు అప్పటికే పెళ్ళిళ్ళకు కూడా పెట్టుకుని వెళుతున్నారు. దాన్ని పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుండగా కిరీటికి జ్వరం వచ్చింది. అతనికి అరవై కిలోమీటర్లు తక్కువ పడ్డాయి. మంచం మీద నుంచి అతడు జకరయ్యకు కబురు పంపాడు.

ఆ ఏర్పాటు చాలా సులభమైనది. జకరయ్య కిరీటి ఫోనును రొట్టెల డబ్బాలో పెట్టుకుని తన దారిన తాను వెళతాడు. ఫోను ప్రయాణం చేస్తుంది. ఫోను ప్రయాణం చేస్తే కిరీటి ప్రయాణం చేసినట్టు. గట్టు మీదకు అనుమతి కోసం కిరీటి ఒక చీటీ రాసి ఇచ్చాడు: 'ఇతడు సైకిలిస్టు కాడు. సైకిలిస్టు తాలూకు పరికరాన్ని మోసుకుని వెళ్ళే వ్యక్తి. అనుమతించగలరు.' పెద్దింట్లు చీటీ చదివి గేటు తీశాడు.

"సైకిలు తొక్కేవోడివైతే ఆపాలి. కాదని రాసిచ్చారు, ఇంక నాకేటి? పో," అన్నాడట.

నెలాఖరుకు కిరీటి పేరిట మూడు వందల డెబ్బై కిలోమీటర్లు నమోదయ్యాయి. విషయం దాగలేదు. వారం తిరగకుండా అధ్యక్షుల ఫోను డబ్బాలో చేరింది. దసరా నాటికి నలభై రెండు ఫోన్లు చేరాయి. బేకరీ దగ్గర కిరీటి వాటిని గుడ్డ సంచిలో కట్టి ఇస్తాడు. జకరయ్య సంచి అడుగున, బన్నులు పైన సర్దుకుంటాడు. ఎనిమిదీ పదికి తిరిగి తెచ్చి అప్పగిస్తాడు. ఫోన్లకు కొద్దిగా వెన్న వాసన పట్టింది. ఊళ్ళలో జకరయ్య హారను కొట్టడం మానేశాడు. డబ్బాలో ఏదో ఒక ఫోను భక్తిగీతంతో మోగుతూనే ఉండేది. అది వినగానే రొట్టె వచ్చిందని పిల్లలు బయటికి పరుగెత్తేవారు. జకరయ్య బేరం మళ్ళీ కుదురుకుంది. అతనికి కావలసింది గట్టు; గట్టు దొరికింది.

'పరికర వాహకుడు' అనే పదాన్ని అధ్యక్షులే సృష్టించి పదిహేనవ తీర్మానంలో చేర్చారు. 'పరికరము చలించినచో సభ్యుడు చలించినట్లే భావింపవలెను. పరికర వాహకుని చలనము పరికరమునకు చెందును గాని వాహకునికి చెందదు.'

నలభై మూడో ఫోను నాది. అది ఇంట్లో బల్ల మీదే ఉండిపోయింది. పరీక్ష అన్నాక పోల్చి చూడటానికి కదలని నమూనా ఒకటి ఉండాలి. ఒక నెలంతా నేను ఫోను లేకుండా జకరయ్య వెనక నా పాత సైకిలు తొక్కాను. దాని ముందు చక్రానికి దూరం కొలిచే చిన్న మీటరుంది. జకరయ్య రోజు దారి ముప్పై నాలుగు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. పదకొండు చోట్ల, ఒక్కోచోట సుమారు నాలుగు నిమిషాలు ఆగుతాడు. నెలాఖరు సమావేశంలో ఈ అంకెలు సమర్పించాను. నా మీటరుకు ఫోనుతో సంబంధం లేనందున అది యంత్రం కాదని సంఘం అభిప్రాయపడింది. చక్రంలో నా దూరం సున్నా. నా బిళ్ళ వెనక్కి తీసుకున్నారు. సభ్యత్వం, మినిట్సు పుస్తకం మాత్రం ఉంచారు. ఆ రెండో పనికి వేరెవరూ ఒప్పుకోలేదు.

సంక్రమించే గుణం కీర్తికి కూడా ఉంది. మాఘమాసంలో రాష్ట్రస్థాయి చక్రచాలన మండలి నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ సంఘమునకు చెందిన నలుబది ఇద్దరు సభ్యులు ప్రతిదినము ఒకే సమయమున బయలుదేరి, ఒకే వేగముతో, ఒకే పదకొండు ప్రదేశములలో ఆగి, ఒక్క మీటరు తేడా లేకుండ గమ్యము చేరుచున్నారు. ఇట్టి సామూహిక క్రమశిక్షణ రాష్ట్రములో మరెక్కడను కానరాలేదు.' రాష్ట్ర ఉత్తమ సంఘంగా మమ్మల్ని ఎంపిక చేశారనీ, లాంఛనంగా ఒక పరిశీలకుడు వచ్చి చూసి వెళతారనీ అందులో ఉంది.

పరిశీలకుడు వస్తున్నాడని తెలిసి పురపాలక సంఘం గట్టుకు నీలిరంగు వేయించింది. ఇంట్లో గోడలకు వేసే నున్నని రంగు. నాలుగు కిలోమీటర్ల మట్టిరోడ్డుకు ముందు సిమెంటు పూత, దాని మీద రంగు, రంగు మీద తెల్ల అక్షరాలు. మంచు కురిసిన మర్నాడు జకరయ్య నా ఎదుటే అధ్యక్షులను కలుసుకున్నాడు.

"బాబూ, రంగు జారుతోందండి. మంచు పడితే నూనె పోసినట్టుంటుంది. వంపు దగ్గర నిన్న పడబోయి తమాయించుకున్నానండి. ఆ వంపులో కొంచెం ఇసకేనా చల్లించండి."

"మార్గమునకు సంబంధించిన ఫిర్యాదులు గుర్తింపు పొందిన సైకిలిస్టుల నుండి మాత్రమే స్వీకరింపబడును."

"మీకేమన్నా జారిందాండి మరి?"

అధ్యక్షులు తమ రికార్డు చూసుకున్నారు. నాలుగు వేల కిలోమీటర్లలో ఒక్కసారీ పడలేదు. "జారలేదు," అన్నారు.

పరిశీలకులు పరాంకుశంగారు ఒక ఆదివారం ఉదయం ఏడింటికి లాకుల దగ్గరి హోటలుకు కారులో వచ్చారు. కారు దిగి, పలక లాంటి పెద్ద తెర బల్ల మీద నిలబెట్టి, "క్షేత్రస్థాయి పరిశీలన ప్రారంభిస్తున్నాను," అన్నారు. కుర్చీలో కూర్చున్నారు. సభ్యులు నలభై ఇద్దరూ మర్యాద కోసం కొత్త చొక్కాలు తొడుక్కుని, బిళ్ళలు పెట్టుకుని, చుట్టూ కూర్చున్నారు. నేను పుస్తకం తెరిచాను.

"సభ్యులు బయలుదేరారా?"

"అయిదు గంటలకే బయలుదేరిరి," అన్నారు అధ్యక్షులు.

పరాంకుశంగారు తెరను రెండు వేళ్ళతో పెద్దది చేశారు. నలభై రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే చుక్కగా ఉన్నాయి. ఇంకా పెద్దది చేశారు. ఒకటే చుక్క. "అద్భుతం. చేతికి చెయ్యి తగిలేంత దగ్గరగా తొక్కుతున్నారు." అప్పుడు తలెత్తి చుట్టూ చూశారు. "వీరెవరు?"

"సభ్యులేనండి," అన్నాడు కిరీటి, నోరు జారి.

"సభ్యులు దారిలో ఉన్నారు కదా?"

పరాంకుశంగారు అధ్యక్షుల వైపు తిరిగారు.

"మీ పేరు?"

"వెలిచేటి త్రివిక్రమరావు."

పరిశీలకుడు తెర మీద నొక్కారు. "త్రివిక్రమరావుగారు ఇప్పుడు కేదారిలంక వంతెన మీద గంటకు పద్నాలుగు కిలోమీటర్ల వేగంతో వస్తున్నారు. మరి మీరెవరు?"

నలభై ఏళ్ళుగా ఇతరులకు వేసిన ప్రశ్న అధ్యక్షులకు అదే మొదటిసారి ఎదురైంది. వారు చొక్కా మీది బిళ్ళ సరిచేసుకున్నారు. "నేను... వారి తరఫున హాజరైనవాడను."

"బాగుంది. తెర ఒక సంగతి చెబుతోంది, కన్ను ఇంకో సంగతి చెబుతోంది. కంటికి ప్రామాణికత లేదు." పరాంకుశంగారు కాగితం మీద 'ప్రేక్షకులు: నలభై ఇద్దరు' అని రాసుకున్నారు. నా వైపు తిరిగి పేరడిగి, నొక్కి చూశారు. "మీరు ఇంట్లో ఉన్నారు."

"నా ఫోను ఉందండి," అన్నాను. వారు దిద్దుకోలేదు.

"అబ్బాయ్, నాకింకో పెసరట్టు వెయ్యి," అన్నారు వర్ధనమ్మ టీచరు సర్వరుతో. "అక్కడ తెల్లవారుజాము నుంచీ తొక్కుతున్నాను కదా, ఆకలేస్తోంది."

ఏడూ నలభైకి చుక్క గట్టు వంపు దగ్గరికి వచ్చింది. పరిశీలకుడు ముందుకు వంగారు. చుక్క నీలిగీత మీద నుంచి పక్కకు జరిగింది. ఇంకా జరిగింది. గీత దాటి కాలువలోకి వెళ్ళింది.

"ఇదేమిటి?" అన్నారాయన.

చుక్క నీటి వాలున గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో కొంతదూరం కదిలింది. తరువాత నలభై రెండు పేర్లూ కొద్ది క్షణాల్లో ఒకదాని వెంట ఒకటి ఆరిపోయాయి.

పరాంకుశంగారు లేచి నిలబడ్డారు. వారి ముఖం నిజంగా పాలిపోయింది. వారిలో కపటం లేదని నేను సాక్ష్యం చెప్పగలను. "నలభై ఇద్దరు!" అన్నారు. అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేశారు. తరువాత, "ప్రేక్షకులందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించండి," అన్నారు. నలభై ఇద్దరూ లేచి, తలలు వంచి, తమ కోసం రెండు నిమిషాలు మౌనం పాటించారు. కిరీటి వాచీ చూశాడు. పూర్తి రెండు నిమిషాలు.

అగ్నిమాపక సిబ్బంది వలలతో, పడవతో వచ్చారు. వాళ్ళు కాలువలో దిగుతుండగా జకరయ్య హోటలుకు చేరాడు. ఒళ్ళంతా తడిసి బురదగా ఉంది. ఎడమ మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. ముందు చక్రం వంకర తిరిగిన సైకిలును భుజాన వేసుకొని వచ్చాడు.

"రంగు మీద జారిందండి బాబూ. డబ్బా ఊడి కాలవలో పడిపోయింది. నేను దూకానండి, దొరకలేదు. ఫోన్లన్నీ..."

"ఎవరు నువ్వు?" అన్నారు పరిశీలకుడు.

"రొట్టెల జకరయ్యండి. తొక్కింది నేనే కదండి."

పరాంకుశంగారు తెరలో వెతికారు. "ప్రమాద సమయంలో ఆ ప్రదేశంలో ఈ పేరు గలవారెవరూ లేరు."

"దెబ్బ తగిలిందండి. ఇదిగోండి."

"నిన్ను సాక్షిగా కూడా రాసుకోలేను. నువ్వు అక్కడ లేవు."

వర్ధనమ్మ టీచరు లేచి, తన చేతిరుమాలు నీళ్ళలో తడిపి, అతని మోచేతికి కట్టారు. ఈ విషయం తెర మీద నమోదు కాలేదు.

పదింటికి ఈతగాళ్ళు డబ్బాను పైకి తీశారు. అడుగున గుడ్డ సంచిలో నలభై రెండు ఫోన్లు. పైన నానిపోయిన బన్నులు. అగ్నిమాపక అధికారి పరిశీలకుడి జాబితాతో లెక్క సరిచూసుకుని తన పుస్తకంలో రాశారు: 'గల్లంతైన నలభై రెండు మందీ ఒకే చోట లభ్యం. గాలింపు ముగిసినది.'

రాష్ట్ర ఉత్తమ సంఘం పురస్కారాన్ని మండలి వెనక్కి తీసుకోలేదు. మరణానంతర పురస్కారంగా మార్చింది. సభలో నలభై రెండు జ్ఞాపికలను నామినీలుగా సభ్యులే అందుకున్నారు. అధ్యక్షులు తమ జ్ఞాపికను అందుకుంటూ తమ సేవలను గద్గద స్వరంతో స్మరించారు.

ఇబ్బంది తరువాత తెలిసింది. చక్రంలో వారి ఖాతాలు మూతపడ్డాయి. చివరి స్థానం, కాలువ. గుర్తింపు బిళ్ళలు రద్దయ్యాయి. ఏటా పింఛను కోసం ఇచ్చే సజీవ ధ్రువపత్రం లాంటిది ఒకటి అధ్యక్షులు గెజిటెడ్ అధికారి సంతకంతో మండలికి పంపారు. సజీవ ధ్రువీకరణను చక్రం ద్వారా మాత్రమే స్వీకరిస్తామని, దరఖాస్తుదారు కాలువలోంచి బయటికి వచ్చినట్టు నమోదు లేదని జవాబు వచ్చింది. వారు ఆ జవాబు చదివి, "నిబంధనల ప్రకారము సక్రమముగానే ఉన్నది," అన్నారు. సర్వీసులో ఉండగా వారు సంతకం చేసిన జవాబులు కూడా ఇలాగే ఉండేవి.

చైత్రంలో సర్వసభ్య సమావేశం జరిగింది. నేనొక తీర్మానం ప్రతిపాదించాను: రొట్టెల జకరయ్యను సైకిలిస్టుగా గుర్తించి గట్టు మీదకు అనుమతించాలి. జకరయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మోచెయ్యి మానింది. సైకిలుకు వేరే చక్రం వేయించాడు.

"కోరము ఎంత?" అన్నారు అధ్యక్షులు.

"పదిహేను," అన్నాను.

"ప్రస్తుతము సజీవ సభ్యులెందరు?"

నేను రిజిస్టరు చూశాను. "ఒక్కడు. నేను."

"అంతమంది కూర్చున్నారు కదండీ, లోపల," అన్నాడు జకరయ్య.

"భౌతికముగా," అన్నారు అధ్యక్షులు.

వర్ధనమ్మ టీచరు చెయ్యెత్తారు. "నేను బలపరుస్తున్నాను."

"దివంగతులకు ఓటు హక్కు లేదు."

"మరి దివంగతులు అధ్యక్షత వహించవచ్చాండీ?"

అధ్యక్షులు నియమావళి తిరగేశారు. అధ్యక్షుడు చనిపోతే ఎన్నిక జరిగేవరకు పాత అధ్యక్షుడే కొనసాగాలని అందులో ఉంది. ఎన్నికకు కోరము పదిహేను. వారు పుస్తకం మూసి, కోరము లేనందున తీర్మానం వీగిపోయినట్లు ప్రకటించారు. నేను రాసుకున్నాను.

ప్రస్తుత పరిస్థితి ఇది. గట్టు మీద సైకిలు తొక్కే గుర్తింపు ఎవరికీ లేదు. పెద్దింట్లు రోజూ ఉదయం అయిదింటికి వచ్చి గేటు దగ్గర కూర్చుని ఎనిమిదింటికి వెళుతున్నాడు. జకరయ్య హైవే మీదుగా రోజుకు యాభై రెండు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు తొక్కుతున్నాడు. కేదారిలంక చేరేసరికి పిల్లలు బడికి వెళ్ళిపోతున్నారు. కిందటి నెల చక్రంలో అతని దూరం సున్నా.